దూరాన ఉన్నా దగ్గరే ఉన్నట్టు



ఈనాటి మన అంశం సామాజిక సాన్నిధ్యం. ఎక్కడో ఉన్న మనిషి ఒక యంత్రం ద్వారా మాట్లాడుతుంటే, మన దగ్గరే ఉన్నట్టు అనిపించడాన్ని ఇలా పిలుస్తారు. 1976లో జాన్ షార్ట్, ఎడెరిన్ విలియమ్స్, బ్రూస్ క్రిస్టీ అనే పరిశోధకులు తమ పుస్తకంలో ఈ భావనను వివరించారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జంషెడ్‌పూర్ కర్మాగారంలో 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎందరో అక్కడికి పనికి వెళ్లి స్థిరపడ్డారు. ఆ నగరంలోని బారిడీహ్‌లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. తాతగారి కాలంలో ఊరి కబురు ఉత్తరంలో వచ్చేది. నాన్నగారి కాలంలో ఎస్టీడీ బూత్ ముందు నిలబడి మాట్లాడేవారు. ఇప్పుడు మనవరాలు సెల్‌ఫోన్‌లో ఊళ్లోని అమ్మమ్మను చూస్తూ మాట్లాడుతోంది.

మరి ఈ దగ్గరితనం బొమ్మ కనిపించడం వల్లనే వచ్చిందా? కాదు. పాత టెలిఫోన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులను మాత్రమే మోసేది. ముఖం కనిపించేది కాదు. అయినా అవతలి మనిషి పక్కనే ఉన్నట్టుండేది. ఎందుకంటే, అడిగిన వెంటనే జవాబు వచ్చేది.

ఆ 'వెంటనే' ఎంత? పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సుమారు 200 మిల్లీసెకన్లు. అంటే రెప్పపాటు కాలం!

వీడియో కాల్‌లో ఈ లయ చెడుతుంది. కారణం దూరం కాదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్లకు 5 మిల్లీసెకన్లు చాలు. దృశ్యాన్ని కుదించడం, ముక్కలుగా పంపడం, అవతల మళ్లీ పేర్చడం, ఈ పనులకే ఎక్కువ సమయం పడుతుంది. అప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. "పిల్లకి నా మాట మీద ధ్యాస లేదు" అని అమ్మమ్మ నొచ్చుకుంటుంది. లోపం యంత్రానిది, నింద మనిషికి! కెమెరా తెరకు పైన ఉంటుంది కనుక, అమ్మమ్మ ముఖాన్నే చూస్తున్న మనవరాలు ఎటో కిందికి చూస్తున్నట్టు కూడా కనిపిస్తుంది.

ఇక నా సంగతి చూడండి. టెలివిజన్‌లో నేను మీతోనే మాట్లాడుతున్నట్టు మీకు అనిపించవచ్చు. కానీ మీరు తల ఊపినా నాకు కనిపించదు. ఈ ఒకవైపు సాన్నిధ్యాన్ని హోర్టన్, వోల్ అనే శాస్త్రజ్ఞులు 1956లోనే గుర్తించారు. సాన్నిధ్యం మన మనసు కట్టుకునే భావమే తప్ప, ఎదుటి మనిషి నిజానికి రుజువు కాదు.

ఈ తేడా తెలియకపోతే ప్రమాదం. 'డిజిటల్ అరెస్ట్' మోసగాళ్లు యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో కూర్చుంటారు. గంటల తరబడి కాల్ కట్ చేయనివ్వరు. పోలీసు ఎదుటే ఉన్నాడన్న భయంతో చదువుకున్నవారు కూడా డబ్బు పంపేశారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దీని గురించి హెచ్చరించారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. అటువంటి కాల్ వస్తే కట్ చేసి, ఇంట్లో వారికి చెప్పి, 1930 నంబరుకు ఫిర్యాదు చేయండి.

చివరగా మీకొక ప్రయోగం. దూరాన ఉన్న మీ బంధువు ఒకరితో ఒక రోజు సందేశాలలో, మరో రోజు ఫోన్‌లో, ఇంకో రోజు వీడియోలో పది నిమిషాలు మాట్లాడండి. ఒకరి మాటకు ఒకరు ఎన్నిసార్లు అడ్డువచ్చారో, ఎన్నిసార్లు కలిసి నవ్వారో రాసుకోండి. మూడింటిలో ఏది దగ్గరగా అనిపించిందో వారినీ అడగండి. మీ జవాబు, వారి జవాబు ఒకటే కాకపోవచ్చు. ఎందుకో తరగతిలో చర్చించండి.

సెలవు.