తూకంలో కనిపించేదీ, కనిపించనిదీ

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క అంకె గురించే మాట్లాడతాను. బాడీ మాస్ ఇండెక్స్, బి.ఎం.ఐ. అని మీరంతా విన్నదే. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, వచ్చినదానితో కిలోల బరువును భాగించాలి. మీటరున్నర ఎత్తూ 38 కిలోల బరువూ ఉన్న మనిషికి అది 17 కూడా రాదు. కనీసం పద్దెనిమిదిన్నర ఉండాలి. అంటే ఆమె ఇంకా మూడున్నర కిలోలకు పైనే పెరగాలి.

ఈ లెక్క ఊరికే చెప్పడం లేదు. ఒక ఊళ్ళో మేం తూకం వేస్తుంటే, కూలికి పోయే ఒకామెకు సరిగ్గా ఇంతే వచ్చింది. "నాదెప్పుడూ ఇంతేనమ్మా, మా అమ్మది కూడా సన్న ఒళ్ళే" అంది. పక్కనున్న అత్తగారు అందుకుని, "ఒళ్ళు లేకపోయినా బద్ధకానికేం తక్కువ లేదు. మధ్యాహ్నమయ్యేసరికి గోడకి చేరగిలబడుతుంది. ఏమన్నా అంటే కస్సుమంటుంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. తరవాత చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు.

ఎందుకంటే ఆ లక్షణాలనే ఒక పెద్ద శాస్త్ర గ్రంథంలో రాశారు. 1944-45లో, యుద్ధకాలంలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. యుద్ధం చెయ్యడానికి మనస్సాక్షి ఒప్పుకోక, దాని బదులు దీనికి సిద్ధపడి వచ్చినవాళ్ళు. ఆర్నెల్లపాటు వాళ్ళకి అరకొర తిండి పెట్టారు. బరువు నాలుగో వంతు తగ్గింది. గుండె కొట్టుకునే వేగం తగ్గింది. వేసవిలో కూడా చలి అనేవాళ్ళు. మనుషులంటే ఆసక్తి పోయింది, చిన్నమాటకే చిరాకు. పొద్దస్తమానం తిండి ధ్యాసే, వంటల పుస్తకాలు చదువుతూ కూచునేవాళ్ళు! వాళ్ళని ఎవరూ బద్ధకస్తులనలేదు. నోటి దురుసనలేదు. ఆకలి ఒంటికీ మనసుకీ చేసే పని ఇదీ అని 1950లో రెండు సంపుటాలు అచ్చేశారు.

మన ఆమెది ఆర్నెల్ల ప్రయోగం కాదు, బతుకంతా. పైగా ఆ ఆర్నెల్లయ్యాక వాళ్ళకి తిండి పెంచారు.

తిండి తగ్గినప్పుడు శరీరం ముందు కొవ్వును కరిగించుకుంటుంది, ఆ తరవాత కండను. రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది, క్షయ లాంటివి తేలిగ్గా పట్టుకుంటాయి. నెలసరి క్రమం తప్పొచ్చు. గర్భమొస్తే, బిడ్డ రెండున్నర కిలోలు కూడా లేకుండా పుట్టే ప్రమాదం ఎక్కువ. "మా అమ్మదీ సన్న ఒళ్ళే" అన్న మాటకి అర్థం ఇక్కడుంది.

1980లలో డేవిడ్ సెక్లర్ అనే ఆర్థికవేత్త, ఇలాంటి చిన్న శరీరాలు చాలావరకు ఆరోగ్యంగానే ఉన్నట్టని వాదించాడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టరుగా చేసిన సి. గోపాలన్ దాన్ని గట్టిగా ఖండించారు. పేదవాళ్ళ ఒళ్ళు చూసినప్పుడే ఇలాంటి సిద్ధాంతాలు ఎందుకు పుడతాయో!

అయితే ఈ అంకెని గుడ్డిగా నమ్మకండి. చిన్నప్పటి ఆకలి ఎత్తునే మింగేస్తుంది. ఎత్తు తగ్గితే, భాగించే అంకె కూడా తగ్గుతుంది. అప్పుడు లెక్క బాగానే ఉన్నట్టు వచ్చేస్తుంది. రక్తహీనత ఇందులో అసలు కనబడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం, మన దేశంలో 1998-99లో పద్దెనిమిదిన్నర లోపు ఉన్న స్త్రీలు దాదాపు 36 శాతం. 2019-21 నాటికి 18.7 శాతం. సంతోషమే. కానీ అదే 2019-21 సర్వేలో రక్తహీనత ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒళ్ళు వచ్చింది, రక్తం రాలేదు. కంచంలో అన్నం పెరిగినంతగా పప్పూ గుడ్డూ ఆకుకూరా పెరగలేదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో పెట్టిందీ ఆ కీసే. సూత్రం మాత్రం అంతకు వందేళ్ళకు పైగా ముందటి బెల్జియం గణితవేత్త క్వెట్లేది. పేరు పెట్టేటప్పుడు కీస్ పరిశీలించిన ఏడువేల పైచిలుకు మనుషుల్లో ఒక్క ఆడమనిషి లేదు.

కాబట్టి మీరు తూకం వేసినప్పుడు అంకె ఒక్కటే రాసుకుని రాకండి. "అక్కా, నిన్న రాత్రి అందరూ తిన్నాక గిన్నెలో నీకేం మిగిలింది?" అని అడగండి. అత్తగారి ముందు కాదు, విడిగా. అత్తగారిని కూడా అదే అడగండి, ఆమె కూడా ఒకప్పుడు అందరి తరవాత తిన్న మనిషే. గర్భిణులకి బి.ఎం.ఐ. పనికిరాదు, భుజానికీ మోచేతికీ నడిమధ్యన చేతి చుట్టుకొలత తీసుకోండి. అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్డు ఆమె అక్కడే తిన్నదా, ఇంట్లో పిల్లలకి పెట్టిందా చూడండి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రసూతికి కనీసం 6,000 రూపాయలు అంది. 2017లో వచ్చిన పథకం దాన్ని 5,000 చేసి, మొదటి కాన్పుకే పరిమితం చేసింది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఇవ్వడమన్నది తరవాతెప్పుడో కలిపారు. గ్రామసభలో అడగవలసినవి ఇవి.

టీ వచ్చినట్టుంది. తూకం మిషను ఆ మూల పెట్టాను. ఊళ్ళోవాళ్ళని ఎక్కించే ముందు మనం ఎక్కి చూసుకుందాం. చెప్పులు విప్పండి.