మరమరాల అచ్చులు, మన మాట



ఉట్నూరు నుంచి వచ్చిన మా అమ్మ కోకాపేట ఫ్లాట్‌లో మాట్లాడే తోడు లేక కిటికీ దగ్గరే కూర్చునేది. మా పాపకు గోండి రాదు. ఒక ఆదివారం పాప చాక్లెట్ రైస్ బార్ కావాలంటే, అమ్మ లేచి పొయ్యి వెలిగించింది.

4 గ్లాసుల మరమరాలు, 1 గ్లాసు బెల్లం, దోరగా వేయించిన ఇప్పపువ్వు గుప్పెడు. పాకం చుక్క చల్లటి నీళ్లలో వేస్తే గట్టిపడి టక్కున విరగాలి. అప్పుడు అన్నీ కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో గరిటెతో ఒత్తి, వేడి మీదే ముక్కలు కోయాలి. చల్లారితే కత్తి దిగదు.

ఇదంతా అమ్మ గోండిలోనే చెప్పింది. పాప ఒక్కో మాటా తిరిగి పలికింది.

ఉట్నూరులో మన ఆడపడుచులు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మీరూ ఈ సెలవుకు అమ్మ పక్కన నిలబడి చేయండి. పేర్లన్నీ మన భాషలోనే చెప్పించుకోండి.