పెరటిలోని పొగబండి



బొమ్మరైలు అనగానే మనకు పసిపిల్లలు దారము కట్టి యీడ్చు కొయ్యబండి స్ఫురించును. నేడు నేను చెప్పబోవు రైలు అట్టిది కాదు. ఇది నిజమైన నిప్పుతో, నిజమైన నీటితో, నిజమైన ఆవిరితో నడచును. దీనిని నడుపువారిలో తల నెరసిన పెద్దలు పెక్కుమంది గలరు. ఇంగ్లండు దేశమున ఇట్టివారు సంఘములుగా నేర్పడి, సెలవుదినములయందు ఒక సభ్యుని పెరటితోటలో గూడి, తమ తమ యింజనులను నడుపుకొందురు. ఈ వేడుకయందు వినోదముతో పాటు మనము ఆలోచింపదగిన విషయమొకటి గలదు.

ముందుగా కొలతలు వినుడు. తోటరైళ్లలో రెండు పట్టాల నడిమి యెడము సాధారణముగా 32 మిల్లీమీటరులు గాని, 45 మిల్లీమీటరులు గాని యుండును. డార్జిలింగు కొండరైలు పట్టాల యెడము 2 అడుగులు. అడుగునకు 16 మిల్లీమీటరుల చొప్పున తగ్గించినచో అది సరిగా 32 అగును. 1968లో జర్మనీదేశపు లేమన్ కంపెనీవారు ఎల్.జి.బి. అను పేర 45 మిల్లీమీటరుల దారిపై నడచు విద్యుత్ రైళ్లను అమ్మకమునకు దెచ్చిరి. వాని పరిమాణము అసలు బండిలో ఇరువదిరెండున్నరవ వంతు. గుంటూరు, గుంతకల్లుల నడుమ ఒకప్పుడుండిన మీటరుగేజి దారి నెరిగిన పెద్దలు ఈ లెక్కను తామే సరిచూచుకొనవచ్చును. వేయి మిల్లీమీటరులను 22.5 చేత భాగించినచో 44 మీద కొంత, అనగా దాదాపు 45 వచ్చును.

ఆ 1968వ సంవత్సరముననే, ఆగస్టు 11వ తేదీతో, బ్రిటిషు రైల్వేల ప్రధానమార్గములపై ఆవిరియింజనుల కాలము ముగిసెను. డీసెలు యింజనులును, విద్యుత్ యింజనులును వాని స్థానము నాక్రమించెను. నిప్పు నిలుపుట, నీరు కనిపెట్టుట, నూనె పోయుట యనునవి పుస్తకము చదివిన మాత్రమున అబ్బు విద్యలు కావు. ఒక చేతినుండి మరియొక చేతికి రావలసినవి. ఆ విద్యలో కొంత నేడు ఈ పెరటితోటలయందు నిలిచియున్నది.

కూడిక నాటి యుదయమున మొదటి పని పట్టాలను తుడుచుట. తడిసిన యాకులు పట్టాలపై బడినచో చక్రములు జారును. పలుచోట్ల దారిని కొయ్యగుంజలపై గాని, ఇటుకగోడపై గాని మొలయెత్తున వేయుదురు, వృద్ధులు వంగనక్కరలేదు. పిదప బాయిలరులో నీరు, నూనెపాత్రలో చిక్కని నూనె పోయుదురు. ఈ నూనెపాత్ర పని చూడ ముచ్చటగా నుండును. బాయిలరునుండి వచ్చు ఆవిరి కొంత దానిలోనికి బోయి, చల్లబడి నీరగును. నీరు నూనెకంటె బరువు గనుక అడుగునకు దిగి నూనెను పైకి ద్రోయును. ఆ నూనె ఆవిరితో గలిసి సిలిండరులకు జేరును. బండి నిలిచిన తరువాత పాత్రలో నీరు కనబడినచో నూనె పారినదని గుర్తు.

చిన్నయింజను నడుపుట పెద్దదానికంటె సులభమని యెంచరాదు. కొలతలన్నియు ఇరువదవ వంతునకు తగ్గించినచో, పైవైశాల్యము 400వ వంతగును. లోపలి నీరు 8000వ వంతగును. అనగా నీటి పరిమాణమునకు తగినదానికంటె ఇరువదిరెట్లు ఎక్కువ పైభాగము గాలికి తగులుచుండును. కాగునిండ కాచిన పాలు చాలసేపు వేడిగా నుండగా గరిటెడు పాలు వెంటనే చల్లారుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. కనుకనే కొందరు బాయిలరు చుట్టును పలుచని కొయ్యబద్దలు బిగింతురు. గాలి వీచు దినమున ఆవిరి నిలుపుట నేర్పరికి గాని సాధ్యము కాదు.

ఇక ముఖ్యవిషయము. యింజను చిన్నదైనంత మాత్రమున ఆవిరి దానిని మన్నింపదు. చదరపు అంగుళమునకు 40 పౌనుల ఒత్తిడితో పనిచేయు బాయిలరు ఒకటి యున్నదనుకొనుడు. క్రొత్తగా చేసినప్పుడు దానిని చల్లని నీటితో నింపి, రెట్టింపు, అనగా 80 పౌనుల ఒత్తిడి నిచ్చి పరీక్షింతురు. తరువాత గడువు ప్రకారము ఒకటిన్నర రెట్లు, అనగా 60 పౌనులతో మరల పరీక్షింతురు. ఆవిరితో గాక నీటితో నేల యనగా, నీరు అణగియుండు పదార్థము కాదు. రేకు చీలినను నీరు కారునే గాని, బాయిలరు ప్రేలి మనిషిని గాయపరచదు.

ఈ పరీక్షచేయువాడు యింజను యజమానికి ఏండ్ల తరబడి మిత్రుడు కావచ్చును. ఆ యింజను మూడేండ్లు రాత్రింబవళ్లు శ్రమించి తీర్చిన స్వహస్తనిర్మాణము కావచ్చును. అయినను ఒక అతుకువద్ద చెమ్మ కనబడినచో, "నేడు దీనిని నడుపరాదు" అని చెప్పవలసినదే. ఆ మాట చెప్పుట కష్టము. వినుట అంతకంటె కష్టము. తోటలో చూడవచ్చిన పిల్లలు పట్టాలప్రక్కనే మోకరిల్లి యుందురు. వారి ముఖములు బాయిలరునకు జానెడు దూరమున నుండును. మొగమాటమునకు అక్కడ తావు లేదు. ఈ నియమమును పాటించినంతకాలమే ఆ కూడిక వేడుకగా నుండును.

బాలుడెవడైన నేర్వగోరి వచ్చినచో, బండిని పరుగెత్తించు మీటకంటె ముందు నీటిమట్టమును చూపు గాజుగొట్టమును వానికి చూపుట మంచి పద్ధతి. నీరెంత యున్నదో చూడనేర్చినవానికి వేగము తరువాత నేర్పవచ్చును. పనిముట్టు పట్టు వృత్తి యేదైనను, దానిని పిల్లలకు నేర్పు పెద్దలకు ఈ క్రమము తెలియనిది కాదు. చేతిలోని విద్యను, దానితోపాటు దాని కట్టుబాటును గూడ ఒప్పగించిననే, అది వచ్చినవాని చేతిలో క్షేమముగా నుండును.