ఆకాశమునుండి నీటి లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

   

ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపులు మూయక నడచుట సామాన్య విషయము కాదు. ఈ శుభసమయమున నన్ను గూడ ఆహ్వానించినందులకు కృతజ్ఞుడను. సాహిత్యమును గూర్చి చెప్పగల పెద్దలు వేదికపై పలువురున్నారు. కావున నేను నీటిని గూర్చి, దాని లెక్కను గూర్చి కొంత మనవి చేసెదను.

చెరువులో నీరెంత యున్నదో కంటికి కనబడును. కట్టమీద నిలచిన పసివాడైనను చెప్పగలడు. భూమిలోని నీటి సంగతి యట్లు కాదు. బావి అడుగంటిన నాటివరకు అది తగ్గుచున్నట్లే తోచదు. చీకటి కొట్టులోని ఒకే గాదెనుండి పదిమంది ధాన్యము తీసికొనుచున్నారనుకొనుడు. ఎవరెంత తీసిరో, ఎంత మిగిలెనో ఎవరికిని తెలియదు. భూగర్భజలముతో మన వ్యవహారము ఇట్లే నడచుచున్నది. ఆ కొట్టులో దీపము పెట్టుట యెట్లన్నదే నేటి ప్రశ్న.

నేలను పైనుండి నిరంతరము పరిశీలించు ఉపగ్రహములలో మొదటిదగు ల్యాండ్‌శాట్‌ను అమెరికావారు 1972 జూలై 23న ప్రయోగించిరి. మన దేశపు ఐ.ఆర్.ఎస్. 1ఎ 1988 మార్చి 17న ఆకాశమున కెగసినది. ఇట్టి ఉపగ్రహములు పంపు చిత్రములను స్వీకరించి పరిశోధించు జాతీయ కేంద్రము మన హైదరాబాదునందే కలదు. కంటికి కనబడని పరారుణ కిరణములను నీరు పీల్చివేయును. అందుచేత ఆ చిత్రములలో చెరువులు, నదులు నల్లగా, స్పష్టముగా కనబడును. 1984 మొదలు 2015 వరకు తీసిన ముప్పది లక్షల ల్యాండ్‌శాట్ చిత్రములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు తమ ఫలితములను 2016లో ప్రకటించిరి. ఆ కాలమున భూమిపై దాదాపు 90 వేల చదరపు కిలోమీటర్ల శాశ్వత జలవిస్తీర్ణము మాయమైనది. అందు నూటికి డెబ్బదిపాళ్లకు పైగా మధ్య ఆసియా, పశ్చిమాసియా ప్రాంతములలోనిదే. ప్రత్తిచేల కొరకు రెండు నదులను మళ్లించుటచే అరల్ సముద్రము ఎండిపోయిన కథ అందులోనిదే.

అయితే చిత్రము పైనున్న నీటినే చూపును. భూమిలోపలి నీటిని చూచుట యెట్లు? దీనికి శాస్త్రజ్ఞులు చూపుటకు మారుగా తూచుటను ఆశ్రయించిరి. 2002 మార్చి 17న అమెరికా, జర్మనీ దేశములు కలసి గ్రేస్ అను పేర జంట ఉపగ్రహములను ప్రయోగించినవి. ఒకదాని వెనుక నొకటి సుమారు 220 కిలోమీటర్ల దూరమున అవి తిరుగుచుండెను. క్రింద నేల బరువెక్కువగా నున్నచోట, ముందు పోవుదానిని ఆ బరువు ముందుగా ఆకర్షించును. రెంటి నడుమ దూరము రవంత పెరుగును. పిదప వెనుకది సమీపించగా ఆ దూరము మారును. ఈ మార్పు వెండ్రుక మందములో స్వల్పభాగమైనను కొలువగల సాధనములు వానియందున్నవి. కొండలు నెలనెలకు బరువు మారవు. మారునది ముఖ్యముగా నీరు. కావున నెలకొక పర్యాయము గీచిన బరువు పటములనుండి, పైనీటిని, నేలతేమను తీసివేయగా, భూగర్భజలము హెచ్చినదో తగ్గినదో తేలును. ఆ జంట 2017 వరకు పనిచేసినది. దాని వారసులు 2018 మే 22న ఎగసినవి.

ఈ త్రాసు చెప్పిన సాక్ష్యములలో మనకు మిక్కిలి దగ్గరిది పంజాబు, హర్యానా, రాజస్థాను ప్రాంతములది. రోడెల్, వెలికోగ్నా, ఫామిగ్లియెట్టి అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 2009లో ఆ లెక్కను ప్రకటించిరి. 2002 ఆగస్టు మొదలు 2008 అక్టోబరు వరకు అచ్చట తరిగిన భూగర్భజలము 109 ఘనకిలోమీటర్లు. మన కొలతలో చెప్పవలెనన్న, 408 టి.ఎం.సి.ల నిలువతో కట్టిన నాగార్జునసాగరము వంటివి తొమ్మిది నిండినను ఇంకను మిగులును. సగటున ఏటికి నాలుగు సెంటీమీటర్ల నీరనగా, ఎకరమునకు లక్షా అరువదివేల లీటర్లకు పైబడిన మాట. ఆ యేండ్లలో వానలు ఇంచుమించు మామూలుగనే కురిసినవి. కావున ఈ నష్టమునకు మేఘుని నిందించుటకు వీలులేదు. తోడినవారము మనుష్యులమే.

పంజాబు బావులు ఈ సంగతిని ఉపగ్రహమునకు ముందే చెప్పుచుండెను. మండుటెండలలో వరినాట్లు వేయకుండ, జూన్ 10వ తేదీకి ముందు నాటరాదని అచ్చటి ప్రభుత్వము 2009లో చట్టము చేసినది. నీరు కొంత మిగిలినది గాని, నాటు వెనుకబడగా కోతయు వెనుకబడెను. గోధుమ విత్తుటకు వ్యవధి చాలక కొయ్యకాళ్లు తగులబెట్టుట హెచ్చినదని విమర్శ వచ్చెను. పైనుండి దిగిన ఆజ్ఞ ఒక ముడిని విప్పుచు మరియొక ముడిని వేయవచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఇక ఆ త్రాసునకు గల పరిమితిని గూడ చెప్పవలెను. అది వందలాది కిలోమీటర్ల ప్రదేశమును ఒక్కసారిగా తూచును. మీ యూరి బావిని అది యెరుగదు. పంజాబులో నీరు లోతైన ఒండ్రుమట్టిలో నున్నది. మన దక్కను భూములలో చాలభాగము గట్టిరాయి. నీరు పైపొరలోని చవుడురాతిలోను, క్రింది పగుళ్లలోను మాత్రమే నిలుచును. ఒక రైతు బోరులో నీరుండగా, ప్రక్క చేనివాని బోరు వట్టిపోవుట మీరెరిగినదే. 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ఎగసిన నైసార్ ఉపగ్రహము రాత్రియనక, మబ్బనక పండ్రెండు దినముల కొకమారు నేలను పరిశీలించి, పొలముల తేమను, నేల క్రుంగుటను మరింత సూక్ష్మముగా తెలుపగలదు. అయినను బావిలోని మట్టమును కొలుచుటకు బావి దగ్గరకు పోవలసినదే.

ఆ పనిని మన రైతులు చేసి చూపిరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో, ఈ శతాబ్దపు మొదటి దశకమున, అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశము, నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలోని వందలాది గ్రామములలో ఒక పథకము నడచినది. రైతులే, స్త్రీలు పురుషులు కలసి, పదునైదు దినముల కొకమారు బావుల మట్టమును కొలిచిరి, వర్షమాపకమును చదివిరి, ఆ యంకెలను ఊరి గోడపై వ్రాసిరి. రబీకి ముందు అందరును కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసిన నీరెంత అని పద్దు వేసిరి. ఎవరినీ ఎవరును నిర్బంధింపలేదు. లెక్క కంటికి కనబడిన పిదప పెక్కుమంది వరి తగ్గించి, తక్కువ నీటి పైరులకు మరలిరి. కొట్టులో దీపము పెట్టుటయనగా ఇదియే.

ఆకాశపు లెక్క దేశమునకు హెచ్చరిక. బావిగట్టు లెక్క గ్రామమునకు హెచ్చరిక. మొదటిది మన చేతిలో లేదు. రెండవది ఉన్నది. కావున ఈ సభవారికి నాదొక మనవి. ఈ గ్రంథాలయము బీరువాలో ఒక ఖాళీ పుస్తకము నుంచుడు. ఊరికి నాలుగు దిక్కుల నాలుగు బావులను ఎంచుకొనుడు. పాఠశాల విద్యార్థులచేత పక్షమునకొకమారు మట్టము కొలిపించి, వానపడిన నాడెల్ల మిల్లీమీటర్లు వ్రాయించుడు. ఎకరముపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో నలుబదివేల లీటర్లని ఆ పిల్లలకు లెక్క నేర్పుడు. ఏటికొకమారు, రబీ విత్తులకు ముందు, ఆ పుస్తకమును ఈ మండపముననే బిగ్గరగా చదివింపుడు.

కొత్త బోరు వేయదలచినవాడు ముందుగా గ్రంథాలయమునకు వచ్చి ఆ పుస్తకము చూచి పోవు అలవాటు ఏర్పడినచో, ఇచ్చటి గ్రంథములన్నిటిలో ఎక్కువగా నలిగినది అదియే కాగలదు. అచ్చుకాని ఆ గ్రంథమునకు కర్తలు మీరందరును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక.