శాసనసభ్యుల ఓట్లకు మార్కులు
(పాల సంఘాల అధ్యక్షుల, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పాలకు వెన్న శాతం చూసి ధర కడతారు. అమెరికాలో ప్రజాప్రతినిధులకూ ఇటువంటి పరీక్ష ఉంది. 1947లో ఏర్పడిన 'అమెరికన్స్ ఫర్ డెమొక్రాటిక్ యాక్షన్' అనే సంస్థ, అక్కడి చట్టసభలో ఏడాదిలో జరిగిన ఓటింగుల నుంచి ఇరవై ఏరి, తన అభిప్రాయానికి సరిపడిన ప్రతి ఓటుకూ 5 మార్కులు వేసేది. ఒకే మార్కు చాలదని, వ్యక్తి స్వేచ్ఛకు ఒక కొలత, ఆర్థిక స్వేచ్ఛకు మరొక కొలత ఉండాలని డేవిడ్ నోలన్ అనే ఆయన 1971లో ఒక పటం ప్రచురించాడు. మాట్లాడే హక్కును సమర్థించిన సభ్యుడే రైతు తన సరుకు అమ్ముకోవడానికి అడ్డు చెప్పవచ్చు గదా!

అయితే ఆ ఇరవై ఓట్లు ఎవరు ఏరారన్నదే అసలు సంగతి. పాలు కలియబెట్టకుండా పైనుంచి శాంపిలు తీస్తే వెన్న ఎక్కువ, అడుగునుంచి తీస్తే తక్కువ. ఇదీ అంతే. పైగా ఆ లెక్కలో సభకు రానివారికి సున్న. ఆస్పత్రిలో ఉన్నా సున్నే!

మనకు ఆ శాంపిలే దొరకడం కష్టం. మన సభల్లో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతోనే గడిచిపోతాయి. ఎవరు 'అవును' అన్నారో, ఎవరు 'కాదు' అన్నారో పేర్లు నమోదు కావు. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం తర్వాత పార్టీ విప్‌ను కాదని ఓటు వేస్తే సభ్యత్వానికే ముప్పు.

ఇది మనకు దూరపు విషయం కాదు. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటాధనం లేని సంఘం తన బైలాలు తానే రాసుకుని, తన పాలకవర్గాన్ని తానే నడుపుకోవచ్చునన్నది. పలు పాల సంఘాలు అందులో చేరాయి. 2006లో ఒక సవరణతో డెయిరీలను అందులోంచి తీసి, మళ్లీ 1964 చట్టం కిందికి తెచ్చారు. ఆ సవరణను హైకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2011లో ఖాయం చేసింది. అయిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ సవరణ నాడు మీ నియోజకవర్గ సభ్యుడు ఎటువైపు నిలిచాడో మీలో ఎందరు చెప్పగలరు?

సహకార చట్టానికి ఈసారి సవరణ బిల్లు వస్తే, మహాజనసభలో తీర్మానం చేసి మీ సభ్యునికి పంపండి. బిల్లుపై డివిజన్ కోరమనండి. సభ ముగిశాక ఆయనను సంఘానికి పిలిచి, ఎటు ఓటు వేశారో అడిగి, ఆ జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి. రాకపోతే ఆ సంగతే రాయండి.