వినే సభ



మనం ఈ సాయంత్రం తలచుకుంటున్న మాస్టారు ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునేవారు. తనకు రాని లిపి కనిపించినా అట్ట తిప్పి చూసేవారు. ‘‘ఇదీ ఎవరింట్లోనో అమ్మ మాటే కదా’’ అనేవారు. నా ఉపన్యాసం ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానం.

మనమున్న చోటే చూడండి. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ పెట్టిన దుకాణం ఆబిడ్స్‌కు పేరిచ్చింది. నాంపల్లికి గోల్కొండ కాలపు నేక్‌నామ్‌ఖాన్ పేరు మూలమంటారు. ముందు ఫారసీ, వెనక మన ‘పల్లి’. అతుకు కూడా కనిపించదు.

ఊరి పేర్లలో కుదిరిన పొత్తు కొలువులో కుదరలేదు. 1884లో ఫారసీ స్థానంలోకి ఉర్దూ అధికార భాషగా వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. వైద్యం, ఇంజనీరింగు దాకా దేశభాషలో చెప్పడం ఆ రోజుల్లో గొప్ప సాహసం. కానీ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు, పావువంతు మరాఠీలు. కన్నడిగులూ ఉన్నారు. వీళ్లందరికీ అదీ పరాయి మాధ్యమమే.

1921 నవంబరులో ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోని వివేకవర్ధని థియేటర్లో సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. అధ్యక్షులు ధోండో కేశవ్ కార్వే. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ప్రసంగాలు సాఫీగా సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే సభ గోల చేసింది, చప్పట్లు చరిచి కూర్చోబెట్టింది. గోల చేసినవాళ్లలో ఎక్కువమంది మరాఠీలు. నన్ను వేధించేది ఇదే. వాళ్ల భాషకూ కొలువులో పీట లేదు. పైగా సంఘాన్ని బాగుచేద్దామని కూడినవాళ్లు!

ఆ రాత్రే టేకుమాల రంగారావు గారింట్లో ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి తోడుగా ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. ఇప్పుడు ఈ తిలక్ రోడ్డులో ఉన్న సారస్వత పరిషత్తు 1943లో ఏర్పడింది. మనవాళ్లు అవమానాన్ని అక్షరాలతో కడిగారు.

ఇవాళ పీట మనది. 2017లో రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష అయింది. 2018 చట్టం బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లాలో ఈ రెండు మాతృభాషలవారూ దాదాపు సమానం. రెండూ చల్లగా ఉండాలి. మరి మిగిలినవి? జనగణన లంబాడీని హిందీ పద్దు కింద లెక్కేస్తుంది. ఇన్ని తండాలున్న రాష్ట్రంలో ఆ భాషకు సొంత పద్దు లేదు. తండా నుంచి వచ్చిన పిల్ల తరగతిలో తన ఇంటి మాటతో జవాబు చెబితే బెంచీలన్నీ నవ్వుతాయి. మనం కూడా నవ్వి పాఠం కొనసాగిస్తాం. నూరేళ్ల కిందటి ఆ థియేటర్లో గోల చేసినవాళ్లం ఆ క్షణాన మనమే.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం: ఆ నవ్వు దగ్గర పాఠం ఆపండి. ఆ పిల్ల దగ్గర పది మాటలు నేర్చుకోండి.

నిర్వాహకులకు మరొకటి: వచ్చే ఏడు ఈ వేదిక మీద లంబాడీలో ఒక ఉపన్యాసం పెట్టించండి. మనలో చాలామందికి అర్థం కాకపోవచ్చు. చివరిదాకా కూర్చుని విందాం.