మాజీ సైనికునికి ఉన్న వైద్యం మాజీ గల్ఫ్ కార్మికునికి ఎందుకు లేదు?

(రియాద్‌లో తెలుగు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. మీలో చాలామందిలాగే కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కార్డు మీద ఆధారపడ్డవాణ్ణి. ఆ కార్డు ఎప్పటిదాకా పనిచేస్తుంది, ఆ తరువాత మన గతి ఏమిటి అన్నదే ఈరోజు నా మాట.

ఈ రియాద్‌లోనే రెండు రకాల వైద్యం ఉంది. ఒకటి సైనికులది. 1978లో మొదలైన మిలిటరీ హాస్పిటలే ఇవాళ్టి ప్రిన్స్ సుల్తాన్ మిలిటరీ మెడికల్ సిటీ. నేషనల్ గార్డుకు వేరే ఆసుపత్రులున్నాయి. వాటిని నడిపేది ప్రభుత్వమే. రెండోది మనది. 1999 నాటి సహకార ఆరోగ్య బీమా చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ తన ఉద్యోగికి బీమా చేయించాలి, ప్రీమియం తానే కట్టాలి. మంచి చట్టమే, కాదనను. కానీ ఇళ్ళలో పనిచేసే డ్రైవర్లకు, వంటవాళ్ళకు ఇది 2024 జూలై నుంచి గానీ తప్పనిసరి కాలేదు. అదీ నలుగురికి మించి పనివాళ్ళున్న యజమానులకే. కార్డు ఉన్నవాళ్ళకైనా, ఫైనల్ ఎగ్జిట్‌తో దాని పని అయిపోతుంది. పదిహేనేళ్ళు బరువులు మోసి అరిగిన నడుము, ఎండలో దెబ్బతిన్న కిడ్నీ, షుగరు మాత్రం మనతోపాటే విమానం ఎక్కుతాయి.

ఇప్పుడు మన ఊరికి పోదాం. జగిత్యాల దగ్గర ఒక పల్లెలో, ఒకే వాడలో ఒక మాజీ జవాను, ఒక మాజీ గల్ఫ్ కార్మికుడు ఉన్నారనుకోండి. జవానుకు 2003 ఏప్రిల్ 1న మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. పథకం ఉంది. పింఛను పొందే మాజీ సైనికుడు ఒక్కసారి చందా కడితే చాలు. వయసు అడ్డం కాదు, పాత జబ్బు అడ్డం కాదు, ఖర్చుకు పరిమితి లేదు. భార్యకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వర్తిస్తుంది. పాలీక్లినిక్‌లో నెలనెలా మందులిస్తారు, పెద్ద జబ్బయితే ఒప్పందమున్న ప్రైవేటు ఆసుపత్రికి పంపుతారు. బిల్లుల బకాయిలు, మందుల కొరత వంటి లోపాలున్నాయి. అయినా నిలదీయడానికి ఒక ఆఫీసు ఉంది.

అదే 2003లో మన కోసం వచ్చింది ప్రవాసీ భారతీయ బీమా యోజన. ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా అవిటివాడైతేనో 10 లక్షలు. గడువు రెండేళ్ళో, మూడేళ్ళో. తరువాత ఎవరి దారి వారిది.

ప్రైవేటు ఉండగా సర్కారు వైద్యం ఎందుకు అంటారు కొందరు. అమెరికా సంగతి చూడండి. అక్కడ మాజీ సైనికులకు ప్రభుత్వమే సొంత ఆసుపత్రులు నడుపుతుంది. 2004లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, అందవలసిన వైద్యంలో వారికి 67 శాతం అందితే, బయటి రోగులకు 51 శాతమే అందింది. నాకు తోచిన కారణం ఇది: రోగి చివరిదాకా తమవాడే కాబట్టి, ఇవాళ షుగరును పట్టించుకోకపోతే రేపు కాలు తీసే ఖర్చు ఆ ఆసుపత్రి నెత్తినే పడుతుంది. బీమా కంపెనీకి ఆ బెంగ లేదు, వచ్చే ఏడు ఆ మనిషి తన దగ్గర ఉండకపోవచ్చు. మా వృత్తిలోనూ అంతే. రాసిన ప్రోగ్రాంను పదేళ్ళు తానే చూసుకోవాలని తెలిసినవాడు జాగ్రత్తగా రాస్తాడు.

అక్కడా తప్పులు జరిగాయి. 2014లో ఫీనిక్స్ నగరంలో, నెలల తరబడి ఎదురుచూస్తున్న రోగుల పేర్లు దాచిపెట్టిన సంగతి బయటపడి, ఆ శాఖ మంత్రే రాజీనామా చేశాడు. 2018 చట్టంతో ప్రైవేటు వైద్యానికి తలుపులు ఇంకా తెరిచారు. కానీ ఖర్చు, బాధ్యత ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2023లో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు చేశారు, సంతోషం. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే పనికొచ్చేది. నెలనెలా మింగే బి.పి., షుగరు మాత్రలకు జేబే దిక్కు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుని కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. మరి బతికి, జబ్బుతో దిగినవాడి మాటేమిటి?

సైనికుడు దేశం కోసం పోయాడు, మీరు పొట్ట కోసం పోయారు అంటే ఒప్పుకుందాం. ఆయన గౌరవంలో వాటా అడగడం లేదు. మన చందా మనం కడతామంటున్నాం. మనం పంపిన రియాళ్ళు దేశానికి విదేశీ మారకమయ్యాయి కాబట్టి, కేంద్రం, రాష్ట్రం తమ వంతు కలపమంటున్నాం.

కోరికలు మూడే. తిరిగొచ్చిన కార్మికునికి, కుటుంబానికి ఇ.సి.హెచ్.ఎస్. తరహా చందా పథకం. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాలలో పాలీక్లినిక్‌లు. మూడోది: పోయేటప్పుడు గామ్కా మెడికల్‌లో ఫిట్ అంటేనే వీసా ఇచ్చారు కదా, వచ్చేటప్పుడు కూడా అవే పరీక్షలు ఉచితంగా చేయాలి. ఎంత ఆరోగ్యంతో పోయామో, ఎంతతో వచ్చామో అప్పుడే లెక్క తేలుతుంది.

అప్పటిదాకా మీ పని ఒకటుంది. ఎగ్జిట్ పడకముందే మీ రిపోర్టులు, ఎక్స్‌రేలు, మందుల చీటీలు ఆసుపత్రి నుంచి అడిగి తీసుకుని పాస్‌పోర్టుతో కలిపి పెట్టుకోండి. బయట బల్ల మీద వినతిపత్రం ఉంది, సంతకం చేసి కదలండి. సెలవు.